పర్యాటకానికి ప్రభుత్వ సాయం: విదేశీ అతిథి నుంచి దేశీ యాత్రికుడి దాకా

పర్యాటకాన్ని పరిశ్రమగా గుర్తించి రాయితీలు ఇస్తామని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం తన 2024-29 పర్యాటక విధానంలో ప్రకటించింది. హోటళ్ల యజమానులు చాలాకాలంగా కోరుతున్న హోదా ఇది. అయితే ఈ రంగానికి ప్రభుత్వం ఎందుకు సాయం చేయాలి, ఎవరిని దృష్టిలో పెట్టుకుని చేయాలి అన్న చర్చ స్వాతంత్ర్యానికి ముందే మొదలైంది.

రెండో ప్రపంచ యుద్ధం ముగిసిన 1945లో, భారత ప్రభుత్వ విద్యా సలహాదారు సర్ జాన్ సార్జెంట్ అధ్యక్షతన ఒక కమిటీ ఏర్పడి, మరుసటి ఏడాది మధ్యంతర నివేదిక సమర్పించింది. దేశంలోకీ, దేశంలోపలా పర్యాటకుల రాకపోకలను పెంచడానికి ప్రత్యేక యంత్రాంగం కావాలన్నది ఆ సిఫార్సుల సారాంశం. దాని ఫలితంగానే 1949లో రవాణా మంత్రిత్వ శాఖలో ఒక చిన్న విభాగం మొదలైంది. 1952లో న్యూయార్క్‌లో తొలి విదేశీ కార్యాలయం తెరిచారు. 1951లో దేశానికి వచ్చిన విదేశీ పర్యాటకులు 16,829 మంది మాత్రమే. అయినా విదేశీ మారకద్రవ్యానికి కటకటలాడుతున్న కొత్త దేశానికి, సరుకు ఎగుమతి చేయకుండానే డాలర్లు తెచ్చిపెట్టే అతిథి మీద ఆశ కలగడం సహజం. ఆ ఆశే తరవాతి దశాబ్దాల విధానాలన్నిటికీ పునాది అయింది.

1956లో ఢిల్లీలో యునెస్కో మహాసభ జరగనుండగా, అంతమంది ప్రతినిధులకు తగిన బస లేదని గ్రహించి ప్రభుత్వమే అశోకా హోటల్ కట్టించింది. 1958లో పర్యాటకానికి ప్రత్యేక శాఖ ఏర్పడింది. 1963లో ఎల్.కె. ఝా కమిటీ హోటళ్లకూ, రవాణాకూ, ప్రచారానికీ ప్రభుత్వ రంగ సంస్థలు ఉండాలని సూచించగా, అలా పుట్టిన వేర్వేరు సంస్థలను 1966 అక్టోబర్‌లో కలిపి భారత పర్యాటకాభివృద్ధి సంస్థ, అంటే ఐటీడీసీని ఏర్పాటు చేశారు. ప్రైవేటు పెట్టుబడి రావడానికి జంకే చోట ప్రభుత్వమే హోటల్ కట్టి దారి చూపాలన్న ఆలోచన ఆ కాలానికి సబబైనదే. రాష్ట్రాలూ అదే బాట పట్టాయి; ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో పర్యాటకాభివృద్ధి సంస్థ 1976లో వచ్చింది.

లోపం ఉన్నది మరోచోట. తిరుమలకో, శ్రీశైలానికో, కాశీకో వెళ్లే కోట్లాది యాత్రికులను ఈ వ్యవస్థ చాలాకాలం పర్యాటకులుగా లెక్కలోకే తీసుకోలేదు. వారి బస, భోజనాల భారాన్ని దేవస్థానాలూ, కులసంఘాల సత్రాలూ, దాతలూ మోశారు. రాజ్యాంగం ఏడో షెడ్యూలులో సైతం పర్యాటకం అన్న అంశం ఏ జాబితాలోనూ లేదు. దేశంలోపలి తీర్థయాత్రలు మాత్రం రాష్ట్రాల జాబితాలో ఏడో అంశంగా ఉన్నాయి. విదేశీ అతిథిని కేంద్రం, యాత్రికుణ్ణి రాష్ట్రం చూసుకోవాలన్నట్టుగా పని చీలిపోయింది.

ఆసియా క్రీడలు జరిగిన 1982లో తొలి జాతీయ పర్యాటక విధానం వచ్చింది. చూడదగ్గ ప్రదేశాలను ఒకే యాత్రామార్గంగా కలిపే సర్క్యూట్ల ఆలోచన అందులోనే కనిపిస్తుంది. రుణాల కోసం 1989లో ప్రత్యేక ఆర్థిక సంస్థ ఏర్పడింది. 1991 సంస్కరణల తరవాత ప్రభుత్వం హోటళ్లు నడపడం నుంచి తప్పుకుంటూ వచ్చింది. 2001-02లో ఐటీడీసీ హోటళ్లను పలుచోట్ల అమ్మేసింది. అమెరికాపై ఉగ్రదాడులు, ఆపై మన పార్లమెంటుపై దాడితో విదేశీయుల రాక తగ్గిన 2002లోనే ‘ఇన్‌క్రెడిబుల్ ఇండియా’ ప్రచారమూ, రెండో జాతీయ విధానమూ వచ్చాయి. ఆ ప్రచారం దేశానికి నిజంగా మేలు చేసింది. కానీ 2019 లెక్కలు చూస్తే విదేశీ పర్యాటకులు సుమారు 1.09 కోట్లు కాగా, దేశీ పర్యటనలు 230 కోట్లకు పైగా ఉన్నాయి. ఇంతటి తేడా ఉన్నప్పుడు ప్రభుత్వ సాయం ఎవరి సౌకర్యం కోసం ఖర్చు కావాలో వేరే చెప్పనక్కరలేదు.

2014-15లో మొదలైన కేంద్ర పథకాలు, సర్క్యూట్లను అభివృద్ధి చేసే స్వదేశ్ దర్శన్, తీర్థక్షేత్రాల్లో సౌకర్యాలు కల్పించే ప్రసాద్, ఆ దిశగా పడిన అడుగులు. శాలిహుండం, తొట్లకొండ, బావికొండ, బొజ్జన్నకొండ, అమరావతి, అనుపులను కలిపిన బౌద్ధ సర్క్యూట్‌కు స్వదేశ్ దర్శన్ నిధులు వచ్చాయి. శ్రీశైలంలో ప్రసాద్ పనులు పూర్తయ్యాయి. నిర్మాణ ఖర్చు కేంద్రానిది, తరవాతి నిర్వహణ రాష్ట్రానిది అన్నది స్వదేశ్ దర్శన్ ఏర్పాటు. 76 ప్రాజెక్టులతో, 5 వేల కోట్ల రూపాయలకు పైగా మంజూరుతో సాగిన ఆ పథకాన్ని ముందస్తు సాధ్యాసాధ్యాల అధ్యయనం లేకుండానే ప్రారంభించారని ప్రభుత్వ ఖర్చులను తనిఖీ చేసే కాగ్ 2023లో తప్పుపట్టింది.

నిర్వహణ ఎంత చిక్కుముడో నాగార్జునకొండ దగ్గర స్పష్టంగా కనిపిస్తుంది. సాగర్ నీటిలో మునిగిపోనున్న ఇక్ష్వాకుల రాజధాని విజయపురిలో 1954 నుంచి 1960 వరకు తవ్వకాలు జరిపి, ముఖ్యమైన కట్టడాలను కొండమీదికీ, ఒడ్డునున్న అనుపుకూ తరలించి తిరిగి నిలబెట్టారు. అంతటి దీక్షతో కాపాడిన ఆ సంపదను చూడాలంటే విజయపురి సౌత్‌లో లాంచీ ఎక్కాలి. లాంచీ రాష్ట్ర పర్యాటక సంస్థది, మ్యూజియం కేంద్ర పురావస్తు శాఖది, జలాశయం జలవనరుల శాఖది, చుట్టూ ఉన్న అడవి అటవీ శాఖది. ఏ ఒక్క శాఖ అనుమతి ఆగినా యాత్రికుడు రేవులోనే ఆగిపోతాడు.

2019 సెప్టెంబర్ 15న పాపికొండల దారిలో కచ్చులూరు దగ్గర ప్రైవేటు బోటు మునిగి పదుల సంఖ్యలో ప్రాణాలు పోయాక, గోదావరి బోట్లను ఎవరు తనిఖీ చేయాలి, వరద ఉన్నప్పుడు ఎవరు ఆపాలి అన్న ప్రశ్నలు ప్రభుత్వం ముందుకు వచ్చాయి. 2020లో రేవుల దగ్గర కంట్రోల్ రూములు ఏర్పాటు చేశారు. పరిశ్రమ హోదాతో హోటల్ కట్టేవారికి భారం తగ్గుతుంది, అది అవసరమే. బోటు తనిఖీకీ, రేవులో మరుగుదొడ్డికీ, సర్క్యూట్‌లో కట్టిన భవనానికి ఏటా కావలసిన మరమ్మతుకూ మాత్రం బడ్జెట్‌లో విడిగా పద్దు ఉండాలి, దానికి జవాబుదారీగా ఒక శాఖ ఉండాలి.