ఇసుకలో పరిగెత్తితే కాలి నొప్పి తగ్గుతుందా? అపోహలు - వాస్తవాలు

పోలీసు ఉద్యోగాల ఈవెంట్స్, అంటే పరుగులాంటి దేహదారుఢ్య పరీక్షలు, దగ్గరపడుతున్నాయంటే చాలు, మా క్లినిక్ బయట బెంచీ నిండుతుంది. కుర్రాళ్ళు, ఆడపిల్లలు, పక్కన టెన్షన్‌తో అమ్మానాన్నలు. మోకాలి కింద ముందు ఎముక నొప్పి. ఎన్నాళ్ళ నుంచి అంటే మూడు వారాలు, నెల. మరి ఏం చేశావు అబ్బయా అంటే దాదాపు అందరిదీ ఒకటే జవాబు: "రోడ్డు గట్టిగా ఉండాదని మైపాడు పోయి ఇసుకలో పరిగెత్తతా ఉండా సార్." మైపాడు మా నెల్లూరు దగ్గరి బీచ్. ఒంగోలు వైపు నుంచి వచ్చినవాళ్ళు కొత్తపట్నం బీచ్ అంటారు. ఊరు మారుతుంది కానీ పొరపాటు అదే.

"ఇసుక మెత్తన, నొప్పి ఉన్నా ఏం కాదు." ఈ అపోహ గురించే ఎక్కువ చెప్తాను. నేను చూసినంతలో పిల్లలకు ఉద్యోగాలు తప్పిస్తున్నది ఇదే.

ఇసుకలో కాలికి తగిలే అదురు తారు రోడ్డు మీద కంటే తక్కువ. అంతవరకు నిజం. కానీ అడుగు దిగబడుతుంది. మనం పెట్టే బలంలో చాలా భాగం ఇసుకను పక్కకు నెట్టడానికే పోతుంది. గట్టి నేలతో పోలిస్తే ఇసుకలో పరుగుకు సుమారు 1.6 రెట్లు, నడకకైతే 2.1 నుంచి 2.7 రెట్లు శక్తి ఖర్చవుతుందని బెల్జియం పరిశోధకులు 1998లో కొలిచి చెప్పారు. ఆ అదనపు పని ఎక్కువగా పడేది పిక్క మీద, మడమ వెనక స్నాయువు మీద. పిక్క కండరాలు అతుక్కుని ఉండేది నొప్పి పెడుతున్న ఆ ఎముకకే. ఇసుకలో వేసే ప్రతి అడుగుకీ దాన్నే ఇంకా గట్టిగా లాగుతాయి.

అమెరికాలో మిన్నెసోటా నుంచి సెలవులకు వచ్చిన మన నెల్లూరు అబ్బాయి ఒకడు చెప్పాడు. అక్కడ చలికాలంలో రోడ్లు మంచుతో జారుతుంటే, రన్నర్లు బూట్లకు స్నోషూలు కట్టుకుని మంచులో నడుస్తారు, పరిగెత్తుతారు. అవి వెడల్పుగా ఉండి బరువును పరుస్తాయి కాబట్టి కాలు లోతుగా దిగదు. అదురు తక్కువ, ఆయాసం ఎక్కువ. గుండెకు, ఊపిరితిత్తులకు చక్కటి వ్యాయామం. మన ఇసుక కూడా అలాంటిదే, బాగున్న కాళ్ళకు. ఎముక పగులుకు మంచూ మందు కాదు, ఇసుకా మందు కాదు.

నొప్పి ఎలాంటిదో ముందు తెలుసుకోండి. మంచం మీద కూర్చుని, ఎముక లోపలి అంచు వెంట బొటనవేలితో పైనుంచి కిందికి నొక్కుతూ రండి. జానెడు పొడవునా సలుపుగా ఉంటే అది ఎక్కువగా షిన్ స్ప్లింట్స్, అంటే పరుగు ఒత్తిడికి ఎముక అంచు వెంట వచ్చే నొప్పి. పరుగు తగ్గించి, పిక్కలకు బలం పెంచితే చాలామందికి సర్దుకుంటుంది. అలా కాకుండా రూపాయి బిళ్ళంత చోట వేలు పెట్టగానే ఉలిక్కిపడ్డారా? రాత్రి పడుకున్నా పోటు ఉందా? అప్పుడు స్ట్రెస్ ఫ్రాక్చర్, అంటే పదేపదే ఒత్తిడి పడి ఎముకలో వచ్చే సన్నటి పగులు అని అనుమానించాలి. పరుగు ఆ రోజే ఆపి ఎముకల డాక్టరుకు చూపించాలి. నెలసరి తప్పుతున్న ఆడపిల్లలు, బరువు తగ్గాలని సరిగా తినని పిల్లలు ఇంకా జాగ్రత్తగా ఉండాలి.

కావలి దగ్గర పల్లె నుంచి ఒక అబ్బాయి వచ్చాడు. వాళ్ళ నాన్న రొయ్యల గుంటల దగ్గర కాపలా పని. మన ఆంధ్రా పోలీసు ఈవెంట్స్‌లో మగపిల్లలకు 1600 మీటర్లు 8 నిమిషాల్లో పూర్తిచేస్తే చాలు, ఇతను ఆరున్నరలో కొట్టేవాడు. నొప్పి మొదలైన వారానికే ఎక్స్‌రే తీయించారు, అందులో ఏమీ కనపడలేదు. ఇక ధైర్యం వచ్చేసి, నెలరోజులు తెల్లవారుజామున సముద్రం ఒడ్డున పొడి ఇసుకలో పరిగెత్తాడు. నా ముందు నిలబడి ఆ కాలి మీద ఒక్క గెంతు గెంతమంటే, పాదం లేవకముందే గోడ పట్టుకున్నాడు. ఎంఆర్ఐలో పగులు బయటపడింది. "ఎక్స్‌రేలో ఏం లేదన్నారు కదయ్యా" అని వాళ్ళ నాన్న మూడుసార్లు అడిగాడు. సన్నటి పగులు మొదటి రెండు మూడు వారాలు ఎక్స్‌రేలో చాలాసార్లు కనపడదు. ఈ ఒక్క ముక్క ఆయనకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే బాగుండేది. ఈవెంట్స్ రోజున ఆ పిల్లవాడు ఊతకర్రలతో ఇంట్లో ఉన్నాడు.

ఇక మిగతావి. ఇసుకలో చేస్తే 1600 టైమ్ దానంతటదే తగ్గుతుందనుకోవద్దు. దమ్ము పెరుగుతుంది, కానీ ఇసుకలో కాలు నేల మీద ఎక్కువసేపు ఉండిపోతుంది. వేగం కావాలంటే వారంలో రెండు రోజులైనా గట్టి గ్రౌండ్‌లో చేయాల్సిందే. వట్టికాళ్ళతోనే పరిగెత్తాలన్న నియమమూ లేదు. ఒడ్డున గాజు పెంకులు, గాలాలు ఉంటాయి. షుగర్ ఉన్నవాళ్ళు అసలు షూ విప్పొద్దు. చెమట ఎక్కువ పడితే కొవ్వు కరిగినట్టు కాదు, నీళ్ళు పోయినట్టు.

నీళ్ళ అంచున తడి ఇసుక గట్టిగా ఉంటుంది, మంచిదే, కానీ అది ఏటవాలు. ఒకే వైపు పోతూ ఉంటే ఒక కాలు ఎప్పుడూ పల్లంలోనే పడుతుంది. నా తుంటి నొప్పికి కారణం అదేనని తెలుసుకోవడానికి నాకే రెండు నెలలు పట్టింది. పోయినంత దూరం తిరిగి రండి. ఆటు సమయంలో ఒడ్డు కాస్త చదునుగా దొరుకుతుంది. ఎండ్రకాయ బొక్కలు చూసుకోండి, మడమ మెలిపడేది అక్కడే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానలు, తుఫాన్లు. హెచ్చరిక ఉన్న రోజు ఒడ్డుకు పోకుండా ఇంట్లోనే మెట్లెక్కండి.

నొప్పి లేనివాళ్ళు మొదటి రెండు వారాలు తడి ఇసుకలో పది నిమిషాల నడకతో మొదలుపెట్టండి, వారానికి రెండుసార్లే, మధ్యలో రెండు రోజుల విరామంతో. ఆ తర్వాతే నిమిషం పరుగు, రెండు నిమిషాల నడక. పొడి ఇసుక అన్నిటికంటే చివర.

ఆ కావలి అబ్బాయికి మూడు నెలల తర్వాత వేలితో నొక్కినా నొప్పి లేదు, గెంతినా లేదు. మైపాడులో పది నిమిషాల నడకతోనే మళ్ళీ మొదలుపెట్టాడు. మొదటి రోజు వాళ్ళ నాన్న కూడా పక్కన నడిచాడు, చేతిలో ఫోన్ పట్టుకుని టైమ్ చూస్తూ.