చంపుకునే ఆటల కథలు: అపోహలు - వాస్తవాలు

డిగ్రీ విద్యార్థులకు ఇంగ్లీషు సాహిత్యం చెప్తాను. ఫైనలియర్‌లో పాపులర్ ఫిక్షన్ పేపర్ నాదే. మనుషుల్ని తీసుకొచ్చి ఒకచోట పడేసి, ఒక్కరు మిగిలేదాకా చంపుకోమనే కథలు అందులో ఒక యూనిట్. జపాన్ నవల బాటిల్ రాయల్, అమెరికా నవల హంగర్ గేమ్స్, కొరియా టీవీ సిరీస్ స్క్విడ్ గేమ్... వీటిని పిల్లలకు కొత్తగా పరిచయం చేయాల్సిన పని లేదు, చూసే వస్తారు. చిక్కంతా చూసి ఏం అర్థం చేసుకున్నారన్న దగ్గరే. పేపర్లు దిద్దుతుంటే ఏటా అదే వాక్యం ఎదురవుతుంది: "ప్రాణం మీదికి వస్తే ప్రతి మనిషీ మృగమే అని రచయిత నిరూపించాడు." యూట్యూబ్‌లో రివ్యూలు చెప్పేవాళ్లూ అదే అంటారు, కాలేజీకి వచ్చే తల్లిదండ్రులూ అదే అంటారు. ఆ మధ్య కెరీర్ గైడెన్స్ క్లాసుకు వచ్చిన ఒకాయన స్క్విడ్ గేమ్ బొమ్మను తెర మీద వేసి, "లోకం ఇంతే, పక్కవాడు పడితేనే మీరు నిలబడతారు" అని మా పిల్లలకు చెప్పి వెళ్లారు. అప్పటినుంచీ ఇది రాయాలనుకుంటున్నాను.

అపోహ: "అవసరం వస్తే మనిషి ఎవరినైనా చంపుతాడు. ఈ కథలు చెప్పేది అదే."

అన్నిటికంటే ఎక్కువ నష్టం చేస్తున్నది ఈ అపోహే. అందుకే దీని దగ్గర ఎక్కువసేపు ఆగుతాను.

క్లాసులో నేను మొదట అడిగే ప్రశ్న ఇది: మనిషి పుట్టుకతోనే మృగమైతే, మెడకు ఆ కాలర్ ఎందుకు?

కౌషున్ టకామి రాసిన బాటిల్ రాయల్ 1999లో జపాన్‌లో వచ్చింది. 42 మంది తొమ్మిదో తరగతి పిల్లలను ఒక దీవిలో దించుతారు. ఒక్కొక్కరికి ఒక సంచి, అందులో ఏదో ఒక ఆయుధం. అంతటితో వదిలేస్తే వాళ్లు చంపుకోరని రచయితకు తెలుసు. అందుకే ప్రతి మెడకూ పేలే కాలర్ ఉంటుంది. పూటపూటకూ దీవిలో కొన్ని భాగాలను నిషేధిస్తుంటారు. అక్కడ ఎవరైనా ఉండిపోతే కాలర్ పేలుతుంది. 24 గంటలపాటు ఒక్క చావు కూడా లేకపోతే అందరి కాలర్లూ పేలతాయి.

ఇన్ని బిగించాక కూడా ఆ పిల్లలు ఏం చేశారో చూడండి. ఒక జంట ఎవరినీ చంపబోమని నిర్ణయించుకుని, ఆట మొదలైన కొద్ది గంటల్లోనే కొండ అంచు నుంచి దూకేసింది. ఇద్దరు అమ్మాయిలు ఎత్తైన చోటికెక్కి, మైకు పట్టుకుని, కొట్టుకోవద్దు రమ్మని అందరినీ పిలిచారు. వాళ్లను కాల్చేశారు, నిజమే. కానీ పిలిచారు. ఇంకో అబ్బాయి ఆట నడిపించేవాళ్ల కంప్యూటర్లలోకి చొరబడే ప్రయత్నం చేశాడు, అది కుదరకపోతే వాళ్లున్న బడినే పేల్చేద్దామని బాంబు తయారు చేసుకున్నాడు. సరదాగా వేటాడిన వాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు.

ఆ నవలలో లైట్‌హౌస్ ఘట్టాన్ని నేను ఏటా గట్టిగా చదివి వినిపిస్తాను. ఆరుగురు అమ్మాయిలు ఒకచోట చేరి తలుపులు బిగించుకుంటారు. వంతులవారీగా కాపలా కాస్తారు, వంట చేసుకుంటారు, గాయపడి వచ్చిన ఒక అబ్బాయికి కట్టు కట్టి పడుకోబెడతారు. ఆ ఆరుగురిలో ఒకమ్మాయికి మాత్రం వాడంటే హడల్. వాడు లేస్తే మనల్ని చంపేస్తాడని, వాడి కోసం తీసిన గిన్నెలో విషం కలుపుతుంది. అది తెలియక ఇంకో అమ్మాయి కొంచెం రుచి చూస్తుంది, అక్కడే పడిపోతుంది. ఆ తర్వాత కొన్ని క్షణాలే. ఎవరు కలిపారు, నువ్వా, నువ్వా? తుపాకి పేలుతుంది. అంతవరకూ ఒకరికొకరు అన్నం పెట్టుకున్నవాళ్లే. వాళ్లలో ఏ ఒక్కరికీ చంపాలన్న కోరిక లేదు. అందరికీ ఉన్నది భయం, అనుమానం. ఆ రెండూ బయటినుంచి తెచ్చి వాళ్లలో నింపినవి.

ఆ కథలో ప్రభుత్వానికి కావలసింది కూడా అదే. జనం ఒకరినొకరు నమ్మకూడదు. పక్కింటివాణ్ణి నమ్మని జనం కలిసి తిరగబడలేరు. ఇది నవలలోనే స్పష్టంగా ఉంది, నేను ఊహించి చెప్పడం లేదు.

మిగతా కథల్లోనూ ఈ బిగింపులు వెతకండి, తప్పకుండా దొరుకుతాయి. స్క్విడ్ గేమ్‌లో అప్పుల్లో మునిగినవాళ్లకు డబ్బు ఆశ చూపి, ఓడితే చావే అన్న ఆటలు ఆడిస్తారు. అక్కడ ఒక రాత్రి భోజనానికి ఒక గుడ్డు, ఒక కూల్‌డ్రింక్ సీసా ఇస్తారు. కొందరు రెండోసారి తీసుకోవడంతో వెనక ఉన్నవాళ్లకు అందదు. గొడవలో ఒకడు చస్తాడు. కాపలావాళ్లు శిక్షించరు సరికదా, పైన వేలాడే గాజు హుండీలో ఆ చావు తాలూకు డబ్బు వచ్చి పడుతుంది. తర్వాత లైట్లు తీసేస్తారు. ఆ రాత్రి మారణహోమానికి ఏర్పాట్లన్నీ అలా జరిగాయి. హంగర్ గేమ్స్‌లో కథానాయిక కాట్‌నిస్ చెట్టెక్కి ఎవరి జోలికీ పోకుండా ఉంటే, నిర్వాహకులు అడవికి నిప్పు పెట్టి ఆమెను మిగతావాళ్ల వైపు తరుముతారు. స్టీఫెన్ కింగ్ వేరే పేరుతో 1979లో అచ్చు వేయించిన ది లాంగ్ వాక్‌లో 100 మంది కుర్రాళ్లు గంటకు నాలుగు మైళ్లు తగ్గకుండా నడవాలి, పక్కన బండి మీద తుపాకులతో సైనికులు వస్తుంటారు. మూడు హెచ్చరికల తర్వాత కాల్పులే. అక్కడ కుర్రాళ్లు ఒకరినొకరు చంపుకోవడమే లేదు. పడిపోబోయేవాణ్ణి పట్టుకుని నడిపించేవాళ్లు కూడా ఉన్నారు.

"మరి లార్డ్ ఆఫ్ ది ఫ్లైస్?" అని ఎవరో ఒకరు తప్పక అడుగుతారు. దీవిలో చిక్కుకున్న బడి పిల్లలు చివరికి చంపుకునేదాకా వెళ్లే కథ అది. మంచి ప్రశ్నే. 1954 నాటి ఆ నవలలో బలవంతం చేసే పెద్దవాళ్లు దీవిలో లేరు. కానీ బయట ప్రపంచమంతా యుద్ధంలో ఉంది. చివర్లో పిల్లలను రక్షించడానికి వచ్చే అధికారి కూడా యుద్ధనౌక దిగే వస్తాడు. రచయిత ఆ రెండూ పక్కపక్కన పెట్టడం ఊరికే కాదు. ఇక నిజంగా జరిగిన సంగతి కావాలంటే టోంగా పిల్లల గురించి చదవండి. 1965లో ఆరుగురు బడి పిల్లలు పడవలో దారి తప్పి 'అటా' అనే నిర్మానుష్య దీవికి కొట్టుకుపోయారు. పదిహేను నెలల తర్వాత, 1966 సెప్టెంబరులో ఒక ఆస్ట్రేలియా పడవ కెప్టెన్‌కు దొరికారు. ఆరుగురూ బతికే ఉన్నారు. పనులు వంతులేసుకున్నారు, తోట వేసుకున్నారు, రాజేసిన నిప్పును ఆరిపోనివ్వలేదు. ఒకడి కాలు విరిగితే మిగతావాళ్లు కర్రలు పెట్టి కట్టు కట్టారు, అతని పని తాము చేశారు. ఆ కాలు చక్కగా అతుక్కుంది.

ఈ అపోహ వల్ల నష్టమేమిటంటే చెప్తాను. ఆ కెరీర్ గైడెన్స్ క్లాసు అయిన తర్వాతి వారం, మా క్లాసులో నోట్సు అందరికీ ఇచ్చే అమ్మాయి ఇవ్వడం మానేసింది. అడిగితే, "పీజీ ఎంట్రన్స్ ఉంది కదా మేడమ్, టెన్షన్‌గా ఉంది. నేనిస్తే వాళ్లకే సీటు రావచ్చు" అంది. మంచి పిల్ల. ఆ భయం ఆమెది కాదు, ఇంటర్ నుంచీ ర్యాంకుల పేరుతో నూరిపోసింది. దానికి ఈ కథలను సాక్ష్యంగా చూపడం నాకు నిజంగా బాధ కలిగించింది. సీట్లు ఎందుకు తక్కువ, ఎవరు తగ్గించారు అని అడగమనే కథలను తెచ్చి, పక్కవాణ్ణి తొక్కడానికి వాడుతున్నారు.

అపోహ: "వాళ్ల ఇష్టంతోనే ఆడారు కదా, ఎవరు రమ్మన్నారు?"

స్క్విడ్ గేమ్ మొదటి సీజన్ గురించి ఎక్కువగా వినే మాట ఇది. రెండో ఎపిసోడ్‌లో ఓటింగ్ పెడతారు, ఒక్క ఓటు తేడాతో ఆట ఆగిపోతుంది, అందరూ ఇళ్లకు వెళ్తారు. మళ్లీ వచ్చేస్తారు. మొదటి ఆట తర్వాత మిగిలిన 201 మందిలో 187 మంది తిరిగొచ్చారు. ఆ ఎపిసోడ్ పేరు "నరకం". ఆ ఎపిసోడ్‌లో ఆటలేవీ లేవు, ఉన్నదంతా వాళ్ల ఇళ్లూ అప్పులూ. తల్లికి ఆపరేషన్ చేయించలేని కొడుకు, జీతం ఎగ్గొట్టిన యజమాని దగ్గర నెలల తరబడి తిరుగుతున్న పాకిస్తానీ కార్మికుడు. దర్శకుడు హ్వాంగ్ డాంగ్-హ్యుక్ నరకమన్నది దాన్నే.

హీరో గి-హున్ కార్ల ఫ్యాక్టరీలో ఉద్యోగం పోయినవాడు. ఆ పాత్రకు ఆధారం 2009లో సాంగ్‌యోంగ్ మోటార్ కంపెనీలో జరిగిన సమ్మె అని దర్శకుడే చెప్పాడు. 2,600 మందికి పైగా ఉద్యోగాలు తీసేస్తామంటే కార్మికులు ప్యోంగ్‌టెక్ ప్లాంటులో 77 రోజులు కూర్చున్నారు, పోలీసులు బలప్రయోగంతో దాన్ని ముగించారు. 2011లో ఆ కంపెనీని కొన్నది మన మహీంద్రావాళ్లే. ఇంత దగ్గరి చరిత్ర తెలియకుండా "దురాశకు పోయి చచ్చారు" అనేయడం అన్యాయం.

హంగర్ గేమ్స్‌లో ఇదే సంగతిని రచయిత్రి సుజాన్ కాలిన్స్ చీటీల లెక్కతో చూపించింది. చంపుకునే ఆటకు ఏ పిల్లలు వెళ్లాలో అక్కడ లాటరీ తీసి తేలుస్తారు. పన్నెండో ఏట పేరు మీద ఒక చీటీ, ఏడాదికొకటి పెరుగుతుంది. ఇంట్లో తిండి లేకపోతే ఇంకో చీటీ రాసిచ్చి, ఒక మనిషికి ఏడాదికి చాలీచాలని ధాన్యం, నూనె తెచ్చుకోవచ్చు. అలా పదహారేళ్ల కాట్‌నిస్ పేరు మీద 20 చీటీలున్నాయి. ఇంట్లో పోషించాల్సిన తమ్ముళ్లూ చెల్లీ ఉన్న ఆమె స్నేహితుడు గేల్ పేరు మీద 42. మేయరు కూతురి పేరు మీద ఐదు. లాటరీ అందరికీ ఒకటే. రాసిచ్చినవాళ్లందరూ "ఇష్టపడే" రాసిచ్చారు.

ఈ లెక్క బోర్డు మీద వేసిన రోజున వెనక బెంచీలో కూర్చునే ఒక అబ్బాయి క్లాసయ్యాక ఆగాడు. వాళ్ల నాన్న లోన్ యాప్‌లో ఐదు వేలు తీసుకున్నాడట. వారం తిరక్కముందే ఫోన్‌లో ఉన్న నంబర్లన్నిటికీ, చివరికి ఈ అబ్బాయి ఫ్రెండ్స్‌కు కూడా, మీవాడు దొంగ అని మెసేజ్‌లు వెళ్లాయి. "బటన్ నొక్కింది మా నాన్నే మేడమ్. అందుకే ఎవరికీ చెప్పుకోలేకపోయాడు" అన్నాడు. ఆ ఏడాది ఈ యూనిట్ మీద నేను దిద్దిన వాటిలో అన్నిటికంటే మంచి జవాబు ఆ అబ్బాయిదే. ఇలాంటి పరిస్థితిలో ఎవరైనా ఉంటే దయచేసి సిగ్గుపడి దాచుకోకండి. సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

అపోహ: "అన్నీ ఒకదాన్ని చూసి ఒకటి కొట్టినవే."

దీని మీద వాదనలతో విసిగిపోయాను. మనుషుల్ని బలవంతంగా చంపుకునేలా చేసి చూడడం రోమన్ అరేనాలనాటిది. కాలిన్స్ తన కథకు మూలం ఏథెన్స్ ఏడుగురు అబ్బాయిలను, ఏడుగురు అమ్మాయిలను క్రీటుకు బలిగా పంపే గ్రీకు పురాణమనీ, టీవీలో ఒక చానల్‌లో రియాలిటీ షో, ఇంకో చానల్‌లో ఇరాక్ యుద్ధం చూస్తుండగా ఈ ఆలోచన వచ్చిందనీ చెప్పింది. కింగ్ లాంగ్ వాక్‌ను వియత్నాం యుద్ధకాలంలో, కాలేజీలో చదువుతూ మొదలుపెట్టాడు. ఏ కథ ఏ దేశపు ఏ గాయం నుంచి వచ్చిందో చూడండి, కాపీ గొడవ అక్కడే ఆగిపోతుంది.

అపోహ: "కాలక్షేపం కథలు, వీటివల్ల ఏమీ కాదు."

2014 మేలో థాయ్‌లాండ్‌లో సైన్యం అధికారం చేజిక్కించుకుంది. జనం హంగర్ గేమ్స్‌లోని మూడు వేళ్ల సెల్యూట్‌తో నిరసన తెలిపారు. నవంబరులో ప్రధాని సభలో ఆ సెల్యూట్ చేసిన విద్యార్థులను పట్టుకెళ్లారు. 2021లో మయన్మార్ వీధుల్లోనూ అవే మూడు వేళ్లు లేచాయి. సైనిక ప్రభుత్వాలకు అర్థమైన విషయం మన విమర్శకులకు అర్థం కావడానికి ఇంకెంత కాలం పడుతుందో.

అపోహ: "ఇవి చదివితే పిల్లలు హింసకు అలవాటు పడతారు."

ఇది అడిగే తల్లిదండ్రుల మీద నాకు కోపం లేదు. వాళ్లది భయం, ఆ భయం ప్రేమలోంచి వచ్చింది. జపాన్‌లో కూడా 2000లో బాటిల్ రాయల్ సినిమా వచ్చినప్పుడు పార్లమెంటులో గొడవైంది. 15 ఏళ్ల లోపువాళ్లను హాల్లోకి రానివ్వలేదు. ఆ దర్శకుడు కింజి ఫుకసాకుకు 1945లో సరిగ్గా 15 ఏళ్లు. ఆయుధాల ఫ్యాక్టరీలో పనిచేస్తుండగా ఫిరంగి దాడి జరిగింది. తప్పించుకునే దారి లేక పిల్లలు ఒకరి కింద ఒకరు దూరారు. బతికినవాళ్లే స్నేహితుల శవాలను తీసేశారు. పెద్దవాళ్లు యుద్ధం గురించి చెప్పినవన్నీ అబద్ధాలని ఆ రోజే తనకు అర్థమైందని ఆయన చెప్పుకున్నాడు. హింసను సరదాగా చూపించే మనిషి కాదు ఆయన.

అయినా వయసు సంగతి చూసుకోవాల్సిందే. స్క్విడ్ గేమ్ కొరియాలోనే పెద్దలకు మాత్రమే. ఎనిమిదో తరగతి పిల్లాడు అది చూస్తుంటే ఆపండి, తప్పు లేదు. బాటిల్ రాయల్ డిగ్రీకి వచ్చాక చదవచ్చు, తొందరేమీ లేదు. హంగర్ గేమ్స్ పుస్తకం మాత్రం టీనేజీ పిల్లల కోసమే రాసింది. దాన్ని లాక్కోవాలనిపిస్తే ముందు మొదటి అధ్యాయం మీరు చదవండి. ఒక గంట పట్టదు. ఆ చీటీల లెక్క అందులోనే ఉంది. చదివాక కూడా సందేహం ఉంటే, పుస్తకం తిరిగిచ్చే ముందు మీ పిల్లలనే అడగండి, గేల్ పేరు మీద 42 ఎందుకున్నాయని.