రాగి సెంటుకో న్యాయం, అల్యూమినియం సెంటుకో న్యాయం

లోహం మారిన అమెరికా సెంటు (డాలరులో నూరో వంతు నాణెం) బయటపడితే చాలు, అది దొరికినవాళ్లదా, ప్రభుత్వానిదా అన్న తగువు మళ్లీ లేస్తుంది. యుద్ధానికి రాగి కావాలని 1943లో జింకు పూత ఉక్కు సెంట్లు వేసిన సంగతి నాణేలు సేకరించేవాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అంతకుముందు ఏడాది అచ్చు పడని రాగి బిళ్లలు కొన్ని తొట్టెల్లో ఇరుక్కుని, ఉక్కు బిళ్లలతో కలిసి అచ్చు కిందకు వెళ్లాయంటారు. వాటిలో ఒకటి 1947లో మసాచుసెట్స్‌లో ఓ స్కూలు కుర్రాడికి క్యాంటీన్ చిల్లరలో వచ్చింది. ఆరా తీస్తే, ఆ ఏడాది వేసినవన్నీ ఉక్కువేనని ప్రభుత్వం కొట్టిపారేసింది. లేనేలేదన్న నాణేన్ని మాదేనని ఎలా అడుగుతారు? 2019లో అది 2,04,000 డాలర్లు పలికింది.

అసలు మెలిక 1974లో పడింది. రాగి ధర పెరిగిపోవడంతో నాణేలు ముద్రించే ప్రభుత్వ టంకశాల 1973లోనే, మరుసటి ఏడాది తేదీతో 15 లక్షలకు పైగా అల్యూమినియం సెంట్లు కొట్టి పెట్టుకుంది. మచ్చుకు కొన్నింటిని కాంగ్రెస్ (అమెరికా పార్లమెంటు) సభ్యులకు, సిబ్బందికి పంచింది. నాణేలతో నడిచే మెషీన్ల వ్యాపారులు గోల చేశారు. పిల్లలు మింగితే ఎక్స్‌రేలో సరిగా కనబడదని డాక్టర్లన్నారు. ప్రతిపాదన అటకెక్కింది, నాణేలు కరిగిపోయాయి. పంచినవి తిరిగిమ్మంటే మాత్రం డజను దాకా రాలేదు. అమెరికా కేంద్ర దర్యాప్తు సంస్థ ఎఫ్‌బీఐ దిగినా లాభం లేకపోయింది. ఆ పరువు నష్టం టంకశాల మర్చిపోలేదు.

అందుకే డెన్వర్ టంకశాల మాజీ అధికారి కొడుకు, తండ్రి సామాన్లలో దొరికిన అల్యూమినియం సెంటును 2014లో వేలానికి పెట్టబోతే టంకశాల వెంటనే అడ్డుపడింది. దాన్ని బయటికి ఇవ్వడానికి ఎవరూ అనుమతించలేదు కాబట్టి అది ప్రభుత్వ ఆస్తేనంది. కొడుకు, అతని దగ్గర నాణెం కొన్న వ్యాపారి కోర్టుకెక్కారు. 1943 నాటి రాగి సెంట్లనూ ఎవరూ అధికారికంగా విడుదల చేయలేదు, అయినా దశాబ్దాలుగా బాహాటంగా చేతులు మారుతున్నాయి, వాటి జోలికి ఎందుకు పోలేదు? తండ్రి టంకశాలలో పెద్ద హోదాలో పనిచేసినవాడు, ఆయనకు అది సక్రమంగానే వచ్చి ఉండొచ్చు కదా? ఇవీ వాళ్ల ప్రశ్నలు.

2016లో రాజీ కుదిరి నాణెం ప్రభుత్వం చేతికి పోయింది. తండ్రి చేసింది తప్పో కాదో కోర్టు తేల్చేదాకా కేసు నడవనే లేదు.