లాల్‌బాగ్ గుట్ట వయసు ఎవరు లెక్కపెట్టారంటే

ఒరేయ్ బంటీ, చిట్టితల్లీ,

మొన్న లాల్‌బాగ్ గుట్ట మీద బోర్డు చూసి 300 కోట్ల ఏళ్ళంట, ఎవరు చూశారు అమ్మమ్మా అన్నావు కదరా బంటీ, నేను నోరు తెరిచేలోపే నీకు చురుమురి బండి కనపడింది, ఇంకేం వింటావు. అందుకే బెంగళూరు నుంచి ఈ ఉత్తరం, ఇద్దరూ చదవండి.

రాళ్ళలో జిర్కాన్ అని ఒక గింజ ఉంటుంది, మామూలుగా బొంబాయి రవ్వ పలుకు కంటే చిన్నది. అది పుట్టేటప్పుడు యురేనియాన్ని లోపలికి రానిస్తుంది, సీసాన్ని మాత్రం గుమ్మంలోనే ఆపేస్తుంది. తర్వాత ఆ యురేనియమే మెల్లమెల్లగా సీసంగా మారిపోతూ ఉంటుంది, ఒక రకం సగం మారడానికి 447 కోట్ల ఏళ్ళు, ఇంకో రకానికి 70 కోట్లు, అంటే ఒకే గింజలో రెండు గడియారాలన్నమాట. రెండూ ఒకే టైం చూపిస్తే నమ్ముతారు, తేడా వస్తే మధ్యలో సీసం కారిపోయిందేమోనని అనుమానం. 1911లోనే ఆర్థర్ హోమ్స్ అనే ఇంగ్లీషాయన యురేనియం, సీసం లెక్కతో రాళ్ళ వయసు కట్టాడు, అప్పటికి ఆయనకి 21 ఏళ్ళు, మీ మావయ్య ఆ వయసులో సప్లీలు రాస్తున్నాడు.

అసలు సంగతి కొండల దగ్గర ఉంది. అరకు రైల్లో చూసిన ఖోండలైట్ రాళ్ళు ఒకప్పుడు బురద. ఆ బురద 20 కిలోమీటర్ల పైనే లోతుకి దిగిపోయి, కొన్నిచోట్ల 900 డిగ్రీల దాకా ఉడికి, పైనున్న కొండంతా అరిగిపోయాక ఇప్పుడు మనకి కనిపిస్తోంది. మన ఊరి ఇంటి గోడకి ఏటా సంక్రాంతికి సున్నం వేస్తే పొర మీద పొర పడేది కదా, జిర్కాన్‌కీ అలాగే, బాగా ఉడికినప్పుడు చాలాసార్లు చుట్టూ కొత్త పొర పడుతుంది. వెంట్రుక మందం కూడా లేని లేజర్ మచ్చ పెట్టి ఒక్కో పొర వయసు విడిగా తీస్తారు. నడిమి భాగం వయసు ఆ బురద ఏ పాత కొండల నుంచి కొట్టుకొచ్చిందో చెబుతుంది, అంచు వయసేమో కొత్త కొండ ఎప్పుడు లేచిందో చెబుతుంది. తూర్పు కనుమల్లో ఆ అంచులు చాలావరకు 100 కోట్ల ఏళ్ళ దగ్గర తేలతాయి, తూర్పు అంటార్కిటికాలో కొన్ని రాళ్ళదీ అదే వయసు, ఎందుకంటే అప్పట్లో ఈ రెండూ అతుక్కుని ఒకే కొండల వరస.

భీమిలి బీచ్‌కి వెళ్తే నల్ల ఇసక చారలు లెన్స్‌తో చూడండి. నల్లగా ఉండేది ఎక్కువగా ఇల్మెనైట్, ఎర్రగా ఉంటే గార్నెట్, రంగు లేకుండా మెరిసేది జిర్కాన్ కావచ్చు, ఉత్త ఇసకే కావచ్చు, కంటితో తేల్చలేం. ఏం కనపడిందో నాకు ఫోన్ చెయ్యండి.

మీ అమ్మమ్మ