ఒమాహా తీరంలో అలుక్కుపోయిన ఫొటో

రెండో ప్రపంచ యుద్ధంలో యుద్ధ ఫొటోగ్రాఫర్ రాబర్ట్ కాపా 1944 జూన్ 6న తీసిన ఆ ఫొటో మీరు ఎక్కడో ఒకచోట చూసే ఉంటారు. హెల్మెట్ పెట్టుకున్న సైనికుడొకడు నీళ్లలో దాదాపు బోర్లా పడుకున్నట్టుగా ఒడ్డువైపు జరుగుతుంటాడు. ముఖం మనవైపే ఉంటుంది గానీ అందులో భయముందో పట్టుదల ఉందో చెప్పలేం. వెనక నీళ్లలోంచి ఇనుప దూలాలు పొడుచుకొచ్చి ఉంటాయి. తడి ఆరని బొమ్మ మీద చెయ్యి రాసినట్టు మొత్తం అలుక్కుపోయి కనిపిస్తుంది.

ఫ్రాన్స్‌లోని నార్మండీ తీరంలో ఆ రోజు మిత్రరాజ్యాల సేనలు దిగిన ఐదు బీచ్‌లలో ఎక్కువ మంది నేలకొరిగింది ఒమాహాలోనే. కాపా అక్కడ అమెరికా ఒకటో పదాతి డివిజన్‌తో పాటు దిగాడు. ఆ ఫొటోలు జూన్ 19 నాటి లైఫ్ పత్రికలో వచ్చాయి. ఆ క్షణపు ఉద్వేగంలో ఫొటోగ్రాఫర్ చెయ్యి కదిలిపోయిందని పత్రిక రాసింది. తర్వాత మరో కథ ప్రచారంలోకి వచ్చింది. కాపా వందకు పైగా ఫొటోలు తీశాడట. ఫిల్ము కడిగే లండన్ డార్క్‌రూమ్‌లో ఒక కుర్రాడు టెన్షన్‌లో ఫిల్మును ఆరబెట్టే బీరువాలో వేడి మరీ పెంచేశాడట. పూత కరిగిపోయి చివరికి 11 ఫొటోలే దక్కాయట. డెబ్భై ఏళ్ల పాటు లోకం ఈ కథనే నమ్మింది.

ఈ రెండింటిలో ఏది నిజమో తేల్చడానికి ఫొటోనే సాక్ష్యం చెబుతుంది.

ముందు కెమెరా కదలడం సంగతి చూద్దాం. కాపా చేతిలో ఉన్నది 35 మిల్లీమీటర్ల ఫిల్ము వాడే కాంటాక్స్ కెమెరా. షట్టర్ సెకనులో 30వ వంతు తెరుచుకుందనీ, లెన్స్ 50 మిల్లీమీటర్లదనీ అనుకుందాం. ఆ కాసేపట్లో కెమెరా ఒక డిగ్రీలో ఐదో వంతు వంగినా చాలు, ఫిల్ము మీద ప్రతి చుక్కా 0.17 మిల్లీమీటర్ల గీతగా సాగుతుంది. ఎనిమిది రెట్లు పెద్దది చేసి ప్రింటు వేస్తే ఆ గీత మిల్లీమీటరున్నర దాకా వస్తుంది. కళ్లూ ముక్కూ కలిసిపోవడానికి అది చాలు. పది మీటర్ల దూరంలో ఒక మనిషి సెకనుకు మీటరు చొప్పున అడ్డంగా కదిలినా అంతే సాగుతుంది. కానీ మనిషి కదిలితే మనిషి ఒక్కడే చెరుగుతాడు, కెమెరా కదిలితే అందులో ఉన్నవన్నీ చెరుగుతాయి. ఈ ఫొటోలో కదలని ఇనుప దూలాలు కూడా చెదిరే ఉన్నాయి. అంటే కదిలింది కెమెరానే. నడుములోతు నీళ్లలో, కాళ్లను అలలు లాగేస్తుంటే, మీద తూటాలు ఎగురుతుంటే ఎవరి చెయ్యి మాత్రం నిలుస్తుంది?

ఇక కరిగిపోయిన పూత సంగతి. ఫిల్ము మీద ఉండేది జెలటిన్. జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే పదార్థమది. అందులో కాంతికి స్పందించే వెండి లవణాల రేణువులు ఉంటాయి. గట్టిపరచని జెలటిన్ తడిగా ఉన్నప్పుడు గోరువెచ్చటి నీళ్లలోనే మెత్తబడుతుంది, నిజమే. అయితే ఫిల్మును తయారీలోనూ, కడిగేటప్పుడూ రసాయనాలతో గట్టిపరుస్తారు. ఆరబెట్టే వెచ్చటి గాలికి అది కరిగి కారడం కష్టం. ఒకవేళ కరిగినా పూత ముడతలు పడాలి, పగుళ్లివ్వాలి, ఎటుపడితే అటు జారాలి. అన్నీ ఒకే దిక్కుకు సాగినట్టు ఉండకూడదు.

పూత జారిందనడానికి కొందరు మరో ఆధారం చూపేవారు. మిగిలిన నెగటివ్‌లలో బొమ్మ పక్కకు ఒరిగి, అంచున ఉన్న రంధ్రాల మీదికి వెళ్లింది. 2014 తర్వాత ఎ.డి. కోల్‌మన్ అనే ఫొటో విమర్శకుడూ ఆయనతో కలిసిన వాళ్లూ దీన్ని పరీక్షించారు. కాంటాక్స్ కెమెరాలో కొడాక్ ఫిల్ము కాసెట్ పెడితే అది సరిగ్గా కుదురుకోక ఫిల్ము కాస్త పక్కకు నిలుస్తుందని చూపించారు. అంటే లండన్‌లో ఎవరూ పాడుచేయకముందే, కెమెరాలోనే అది అలా పడింది. అప్పట్లో లైఫ్ లండన్ ఆఫీసులో ఫొటో ఎడిటర్‌గా ఉన్న జాన్ మోరిస్, డార్క్‌రూమ్ కథను దశాబ్దాల పాటు చెప్పినాయన, అసలు మిగతా ఫొటోలు ఉండకపోయి ఉండొచ్చని చివరికి ఒప్పుకున్నాడు. ఒక కుర్రాడి మీద మోపిన నింద అంతకాలం అలాగే ఉండిపోవడం నాకు బాధ కలిగిస్తుంది.

అదే ఫొటోలలో ఇంకో సాక్షి కూడా ఉంది, అది సముద్రం. నార్మండీలో పాటు సమయంలో నీళ్లు వెనక్కి తగ్గితే ఒమాహాలో దాదాపు 300 మీటర్ల ఇసుక బయటపడుతుంది. పోటు ఎత్తుగా ఉన్నప్పుడు పడవలు వచ్చి గుద్దుకునేలా జర్మన్లు ఇనుప దూలాలు, మందుపాతరలు కట్టిన కొయ్యలు పాతారు. అందుకే మిత్రరాజ్యాలు నీళ్లు బాగా తగ్గి, మళ్లీ పెరగడం మొదలైన వేళను ఎంచుకున్నాయి. సూర్యోదయమైన అరగంటకు, ఉదయం 6:30కి, మొదటి పడవలు ఒడ్డు చేరాలి. ఆ వేళను లెక్కగట్టింది లివర్‌పూల్ దగ్గర పనిచేసే ఆర్థర్ డూడ్‌సన్. ఆటుపోట్లను ముందే చెప్పడానికి ఇత్తడి చక్రాలూ కప్పీలూ ఉన్న యంత్రాలు ఆయన దగ్గర ఉండేవి. లెక్క ఏ తీరానిదో ఆయనకు చెప్పలేదు. నౌకాదళం నుంచి వచ్చిన కాగితాల్లో ‘పొజిషన్ జెడ్’ అని మాత్రం ఉంది.

నీళ్లు ఎంత వేగంగా పెరుగుతాయో తెలుసు కాబట్టి, ఫొటోలో దూలాలు ఎంతవరకు మునిగాయో చూస్తే అప్పటి టైమ్‌ను అంచనా వేయొచ్చు. మొదటి విడతలోనే దిగానని కాపా రాసుకున్నాడు. నీటి మట్టాన్నీ, ఫొటోల్లోని బలగాలనూ సైనిక రికార్డులతో పోల్చిన పరిశోధకులు మాత్రం ఆయన దిగింది దాదాపు 8 గంటలు దాటాకే అంటున్నారు. ఆ లెక్క నాకు సబబుగానే అనిపిస్తుంది. అయినా ఆలస్యంగా దిగినంత మాత్రాన ఆయన ధైర్యం ఏమీ తగ్గదు. ఆ వేళకీ అక్కడ కాల్పులు ఆగలేదు.

ఈ పరిశోధనలో నాకు అన్నిటికంటే ముఖ్యంగా తోచింది మరొకటి. ఆ దూలాల దగ్గర వంగి ఉన్న సైనికులు ప్రాణభయంతో వాటి చాటున నక్కారనే అందరం అనుకుంటూ వచ్చాం. వాళ్లలో కొందరు దాక్కున్న వాళ్లు కాదని, పేలుడు పదార్థాలు కట్టి ఆ అడ్డంకులను పేల్చడానికి వచ్చిన ఇంజినీర్లని పరిశోధకులు వాదించారు. ఆ దళానికి అప్పగించిన పని 16 చోట్ల దారి తెరవడం. సగం కూడా పూర్తి కాకముందే పోటు పెరిగి దూలాలను ముంచేసింది. అమెరికా సైన్యం అధికారిక చరిత్ర ప్రకారం, నౌకాదళం వాళ్లతో కలిపి ఆ దళంలో ఆ ఒక్కరోజే చనిపోయినవాళ్లూ గాయపడినవాళ్లూ 41 శాతం. వాళ్లు తెరిచిన కాసిన్ని దారుల గుండానే వెనక వచ్చిన పడవలు లోపలికి రాగలిగాయి.