గోదావరి దాటని కార్డు: సిరోంచ వైద్యం వెనుక చరిత్ర

మహారాష్ట్రలోని గడ్చిరోలి జిల్లాకు దక్షిణపు కొసన, ప్రాణహిత గోదావరిలో కలిసే చోట ఉన్న సిరోంచ తాలూకాలో చాలా ఇళ్లలో మాట్లాడేది తెలుగు, కచేరీలో నడిచేది మరాఠీ. అక్కడినుంచి జిల్లా కేంద్రానికి ఆలాపల్లి అడవుల మీదుగా 200 కిలోమీటర్లు పైబడిన దారి. గోదావరి వంతెన దాటితే కాళేశ్వరం, అక్కడినుంచి వరంగల్, అంతా కలిపి సుమారు 130 కిలోమీటర్లు. కాన్పు అడ్డం తిరిగితే బండిని ఎటు మళ్లిస్తారో వేరే చెప్పనక్కరలేదు. అయితే పేదల వైద్యానికి ప్రభుత్వం ఇచ్చిన భరోసా మాత్రం చాలాకాలం ఎదురు దిక్కుకే, చంద్రపూర్, నాగపూర్‌ల వైపే పనిచేసింది.

ఈ చిక్కు ఇటీవలిది కాదు. గోదావరి ఎడమ ఒడ్డు తాలూకాలను నిజాం 1860లో ఆంగ్లేయులకు అప్పగించినప్పుడు వాటితో ఎగువ గోదావరి జిల్లా ఏర్పడింది. దానికి సిరోంచే కేంద్రం. 1874లో ఆ జిల్లాను రద్దు చేసి, సిరోంచను చాందా (నేటి చంద్రపూర్) జిల్లాలో కలిపారు. 1956లో బొంబాయి రాష్ట్రం, 1960లో మహారాష్ట్ర, 1982 ఆగస్టు 26న కొత్తగా ఏర్పడిన గడ్చిరోలి జిల్లా: ఇలా పైన పేర్లు మారుతూ వచ్చాయే గాని, ఒకనాటి జిల్లా కేంద్రం చిట్టచివరి తాలూకాగానే మిగిలింది. మన దేశంలో పెద్దాసుపత్రి జిల్లా కేంద్రాన్ని చూసుకొని వెలుస్తుంది; కాబట్టి సిరోంచకు గ్రామీణ ఆసుపత్రి, ఆహేరికి ఉపజిల్లా ఆసుపత్రి, ఆపై చికిత్సకు గడ్చిరోలి అన్న మెట్లు ఏర్పడ్డాయి. కాగితం మీద ఈ ఏర్పాటులో తప్పు పట్టడానికి ఏమీ లేదు. రోగిని మెట్టుమెట్టుకూ ఎక్కించే దారి ఎంత పొడవన్నదే అసలు ప్రశ్న.

ఉచిత శస్త్రచికిత్సల కథ నదికి ఇవతలి ఒడ్డున మొదలైంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో వై.ఎస్. రాజశేఖరరెడ్డి ప్రభుత్వం 2007లో శ్రీకాకుళం, అనంతపురం, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఆరోగ్యశ్రీని ప్రారంభించి, తరువాత రాష్ట్రమంతటికీ విస్తరించింది. ఇదే నమూనాతో మహారాష్ట్ర 2012 జూలైలో రాజీవ్ గాంధీ జీవన్‌దాయీ ఆరోగ్య యోజనను ఎనిమిది జిల్లాల్లో మొదలుపెట్టింది. తొలి విడతలోనే గడ్చిరోలి, నాందేడ్ ఉన్నాయి. కుటుంబానికి ఏటా లక్షన్నర రూపాయల వరకు, 971 రకాల చికిత్సలకు అది వర్తించింది. 2017లో దానికి మహాత్మా జ్యోతిరావ్ ఫులే పేరు పెట్టారు. ఆ విధంగా తెలుగునాట పుట్టిన ఆలోచన గోదావరి దాటి సిరోంచకు చేరింది. సిరోంచ రోగి మాత్రం ఆ పథకానికి చూపే రేషన్ కార్డుతో గోదావరి దాటి ఇవతలికి రాలేకపోయాడు.

గర్భసంచి ఆపరేషన్ అవసరమైన ఒక కూలీ మనిషిని తీసుకోండి. ఆమె చేతిలో కాషాయరంగు రేషన్ కార్డు ఉంటుంది, నాగపూర్‌లో అది చెల్లుతుంది. వరంగల్‌లోని ప్రైవేటు ఆసుపత్రికి వెళ్తే గుమ్మం పక్కన ఆరోగ్యశ్రీ రోగులకు సాయపడే 'ఆరోగ్యమిత్ర' బల్ల కనిపిస్తుంది; మహారాష్ట్ర పథకంలోనూ ఆ ఉద్యోగిని అదే పేరుతో పిలుస్తారు. బల్ల వెనుక కూర్చున్న మనిషి కార్డు తిరగేసి, మరాఠీ అక్షరాలు చూసి, ఇది ఇక్కడ నడవదని చెప్పడం తప్ప చేయగలిగిందేమీ ఉండదు. వరంగల్‌లోని ఎం.జి.ఎం. వంటి ప్రభుత్వ ఆసుపత్రి ఊరు అడిగి తిప్పిపంపదు, అది నిజమే. అక్కడ కాని చికిత్సకు మాత్రం అప్పు పుట్టాలి.

కేంద్రం 2018లో తెచ్చిన ఆయుష్మాన్ భారత్‌లో ఏ రాష్ట్రపు లబ్ధిదారు అయినా పథకంలో ఉన్న ఏ రాష్ట్రపు ఆసుపత్రిలోనైనా చేరవచ్చన్న నియమం ఉంది. బిల్లును సొంత రాష్ట్రం భరిస్తుంది. తెలంగాణ 2021లో ఆ పథకంలో చేరడంతో ఆ ద్వారం నదికి ఇరువైపులా తెరుచుకుంది. కాని అది కేంద్ర పథకంలో పేరున్నవారికే. రాష్ట్ర పథకం కింద మాత్రమే అర్హత గల కుటుంబానికి పాత హద్దే మిగిలింది.

బీమా వల్ల తీరని అవసరాలు కూడా ఈ అడవుల్లో ఎక్కువ. మహారాష్ట్ర మలేరియా కేసుల్లో పెద్ద వాటా గడ్చిరోలిదే, ఆసుపత్రిలో చేరనక్కరలేని జ్వరానికి బీమా డబ్బు రాదు. ఈ జిల్లాలోనే 1986 నుంచి పనిచేస్తున్న అభయ్, రాణీ బంగ్ దంపతుల 'సెర్చ్' సంస్థ, గ్రామ మహిళలకు తర్ఫీదునిచ్చి పసికందులకు ఇంటివద్దే సంరక్షణ అందిస్తే మరణాలు బాగా తగ్గుతాయని నిరూపించింది; ఆ ఫలితాలు 1999లో లాన్సెట్ వైద్య పత్రికలో వెలువడ్డాయి. తరువాత దేశమంతటా ఆశా కార్యకర్తల విధుల్లో అది చేరింది. రోగి ఆసుపత్రికి వెళ్లడం కన్నా వైద్యం గడప దాకా రావడం చౌక అని చూపిన జిల్లాలోనే సిరోంచ ఇంకా దూరాలు లెక్కపెట్టుకోవడం ఈ రచయితకు మింగుడుపడని విషయం.

మహారాష్ట్ర 2023లో తన పథకాన్ని అన్ని కుటుంబాలకూ వర్తింపజేయాలని, పరిమితిని ఐదు లక్షలకు పెంచాలని నిర్ణయించింది. అదే నిర్ణయంలో, మరాఠీ మాట్లాడేవారున్న సరిహద్దు ప్రాంతాల కోసం కర్ణాటకలోని నాలుగు జిల్లాల్లో పది ఆసుపత్రులను చేర్చుకోవాలని కూడా తలపెట్టింది. అంటే రాష్ట్రపు హద్దు అవతల ఆసుపత్రికి డబ్బు కట్టడం చట్టానికీ ఖజానాకూ అసాధ్యమేమీ కాదు. ఇటు మంచిర్యాలలో 2022లో, భూపాలపల్లిలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. రెండూ సిరోంచకు గడ్చిరోలి కన్నా దగ్గర. కర్ణాటకకు వర్తించిన తర్కం తెలంగాణ వైపు ఎందుకు వర్తించకూడదో ముంబై చెప్పవలసి ఉంది.