మహమ్మారి కాలంలో పెద్దవారి పునరావాస చికిత్స: అపోహలు - వాస్తవాలు

అపోహ: ఫిజియోథెరపీ అత్యవసరం కాదు, మహమ్మారి తగ్గాక మొదలుపెట్టుకోవచ్చు.

వాస్తవం: కోవిడ్ కాలంలో ఫిజియోథెరపిస్టుగా నేను ఎక్కువగా విన్న మాట ఇదే, ఎక్కువ నష్టం చేసినదీ ఇదే. 2020లో ప్రపంచ ఆరోగ్య సంస్థ 155 దేశాలలో జరిపిన సర్వేలో, 63 శాతం దేశాలలో పునరావాస సేవలు (జబ్బు లేదా ఆపరేషన్ తరువాత మళ్లీ నడిచేలా, తమ పనులు తాము చేసుకునేలా చేసే చికిత్సలు) పాక్షికంగానో పూర్తిగానో దెబ్బతిన్నట్లు తేలింది. పక్షవాతం వచ్చినవారిలో మెరుగుదల మొదటి మూడు నెలలలోనే వేగంగా కనిపిస్తుంది. తుంటి ఎముకకు ఆపరేషన్ జరిగినవారిని వీలైతే మర్నాడే లేపి నిలబెట్టాలి. ఆ గడువు దాటాక ఎంత శ్రమించినా కొందరికి పాత నడక తిరిగి రాదు.

అపోహ: జబ్బుపడి లేచిన పెద్దవారు ఎంత పడుకుంటే అంత మంచిది.

వాస్తవం: ఏ జబ్బూ లేని వృద్ధులే పది రోజులు మంచం మీద ఉండిపోతే కాళ్లలో దాదాపు ఒక కిలో కండ తగ్గినట్లు 2007లో వెలువడిన ఒక పరిశోధన చూపింది. కాబట్టి జ్వరం తగ్గి, ఆయాసం అదుపులోకి వచ్చాక, వైద్యుల సలహాతో మంచం అంచున కూర్చోవడం, కుర్చీలోంచి లేచి నిలబడటం వంటివి రోజుకు కొన్నిసార్లు చేయించాలి. అలాగని బలవంతం చేయడమూ తప్పే. కోవిడ్ తరువాత కొందరిలో అలసట ఆ పూట కాక మర్నాడో ఆ మరునాడో విరుచుకుపడుతుంది. అలా జరిగితే వ్యాయామం పెంచకూడదు, తగ్గించాలి.

అపోహ: పెద్దవారికి వీడియో కాల్‌లో చికిత్స కుదరదు.

వాస్తవం: చాలామందికి కుదురుతుంది, పక్కన ఒక మనిషి ఉంటే చాలు. ఒక పెద్దావిడ నడక ఎందుకు తూలుతోందో ముఖం మాత్రమే కనిపిస్తున్నంతసేపు నాకు అంతుపట్టలేదు. ఫోన్‌ను నేలకు దగ్గరగా పెట్టమని ఆమె కుమార్తెను కోరాక, మడమ దగ్గర వదులుగా జారుతున్న చెప్పు, ఎత్తు ఎక్కువై భుజాలను పైకి నెడుతున్న వాకరు రెండూ కనిపించాయి. ఆ వాకరు నేను క్లినిక్‌లో ఎన్నడూ చూసి ఉండేదాన్ని కాదు, ఎందుకంటే ఆమె దాన్ని ఇంట్లోనే వాడేవారు.

అయితే మింగేటప్పుడు పొలమారేవారిని, తరచూ పడిపోయేవారిని, పక్షవాతం కొత్తగా వచ్చినవారిని మాత్రం మాస్కు ధరించి, గాలి ఆడే గదిలో, నేరుగానే పరీక్షించాలి.